కాన్వా డిజైన్ ఫోన్‌లో ముత్యంలా ఉంది, ప్రింటులో ఎందుకు పాడైంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. గాజువాకలో ఇంటి దగ్గరే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతున్నారు. సీసాలకు లేబులూ, బీచ్ రోడ్డులో పెట్టబోయే స్టాల్‌కు 6 అడుగుల ఫ్లెక్సీ కాన్వా అనే డిజైన్ యాప్‌లో మీరే ఫోన్ మీద తయారుచేసుకున్నారు. ఫోన్‌లో చక్కగా ఉన్న అక్షరం లేబుల్ మీదికొచ్చేసరికి మసకబారింది. పీడీఎఫ్ పంపితే షాపులో ‘పప్పునూనె’ కాస్తా ఒత్తులు ఊడిపోయి ఎటో జరిగిపోయింది. పైగా పండగ ఆఫర్ కోసం పాత లేబుల్‌లోనే ధర మార్చారు, ఇప్పుడు పాత లేబుల్ దొరకడం లేదు. ‘ఇందులో సేవ్ బటన్ ఎక్కడుంది, షాపుకు ఏ ఫైలు ఇవ్వాలి’ అన్నది మీ ప్రశ్న. నేను దాబాగార్డెన్స్‌లో 20 ఏళ్ళుగా డీటీపీ, ఫ్లెక్సీ పనే చేస్తున్నాను. ఇలాంటి ఫైళ్ళు రోజూ నా కౌంటర్ మీదికి వస్తూనే ఉంటాయి కాబట్టి, వివరంగానే చెప్తాను. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు సేవ్ బటన్ సంగతి. దాని కోసం వెతకాల్సిన పని లేదు. కాన్వాలో మీరు ఏది మార్చినా కొద్ది క్షణాల్లో దానంతటదే సేవ్ అయిపోతుంది. మీ ఫోన్‌లో కాదు, వాళ్ళ సర్వర్‌లో. కంప్యూటర్‌లో తెరిస్తే పైన మబ్బు బొమ్మ కనిపిస్తుంది, సేవ్ అయిందో లేదో అక్కడ తెలుస్తుంది. నెట్ సరిగా లేని చోట పని చేస్తుంటే మాత్రం అది సేవ్ అయిందని చూపించాకే పేజీ మూయండి. మా తరం వాళ్ళకి ఇది ఇంకా వింతగానే ఉంటుంది. పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో పెళ్ళికార్డు కూర్చుతుండగా కరెంటు పోయి, మొత్తం మళ్ళీ మొదటినుంచి కూర్చిన రోజులు చూశాం. రెండు నిమిషాలకోసారి కంట్రోల్ ఎస్ నొక్కే అలవాటు నా వేళ్ళకు ఇప్పటికీ పోలేదు. కాన్వాలో కూడా నొక్కుతూనే ఉంటాను.

అయితే మీ పాత లేబుల్ పోయింది కూడా ఈ సౌకర్యం వల్లే. మీరు 180 రూపాయలు చెరిపి 150 అని కొట్టారు. అది పది రోజుల ఆఫర్ అని కాన్వాకు తెలీదు కదా, 150నే నిజమనుకుని సేవ్ చేసేసింది. పేజీ తెరిచి ఉన్నంతసేపూ వెనక్కి వెళ్ళే బాణంతో పాతది తెచ్చుకోవచ్చు. మూసి, మర్నాడు తెరిచాక ఆ దారి ఉండదు. పాత రూపాలను తేదీలవారీగా చూపించే వెర్షన్ హిస్టరీ అనేది ఉంది గాని, అది డబ్బు కట్టే ప్రో ఖాతాల వాళ్ళకి. మీది ఉచిత ఖాతా అన్నారు. కాబట్టి వాట్సాప్‌లో అంతకుముందు షాపువాళ్ళకు పంపిన ఫైలు వెతికి, దాన్ని పక్కన పెట్టుకుని ఆ నాలుగు మాటలూ మళ్ళీ మార్చుకోవడమే. ఇకమీదట ఏ డిజైన్ ముట్టుకునే ముందైనా ఫైల్ మెనూలో ‘మేక్ ఎ కాపీ’ నొక్కి, ఆ కాపీలోనే మార్పులు చేయండి. అసలుదాన్ని కదపొద్దు. మార్చడం కాకుండా పొరపాటున డిజైన్ మొత్తం డిలీట్ చేస్తే అంత కంగారు అక్కర్లేదు. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు.

మరి డౌన్‌లోడ్ అంటే ఏంటి? మీ భాషలోనే చెప్తాను. కాన్వాలో సేవ్ అయి ఉండేది జాడీలో ఊరుతున్న పచ్చడి. డౌన్‌లోడ్ అంటే అందులోంచి తీసి సీసాకు పెట్టి పంపడం. అమెరికా వెళ్ళే అబ్బాయికి ఒక రకంగా ప్యాక్ చేస్తారు, పక్కింటి వాళ్ళకు గిన్నెలో వేసి ఇస్తారు. పచ్చడి ఒకటే, ఎవరికి వెళ్తుందన్నదాన్ని బట్టి ప్యాకింగ్ మారుతుంది. డౌన్‌లోడ్ నొక్కగానే పీఎన్‌జీ, జేపీజీ, పీడీఎఫ్ స్టాండర్డ్, పీడీఎఫ్ ప్రింట్ అని వరుసగా కనిపించేవి అలాంటి ప్యాకింగులే. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది పైన ఏది ఉంటే అది నొక్కేసి వస్తారు. ఇంకొందరైతే అదీ లేదు, స్క్రీన్‌షాట్ తీసుకుని వస్తారు. మొన్న మా కుర్రాడు ఒకాయన్ని ‘ఏటి సార్, పైన బ్యాటరీ గుర్తు కూడా ప్రింట్ చేసియ్యమంటారా’ అని అడిగాడు.

మసకబారిన ఆ లేబుల్‌కు మీరు పంపింది కూడా స్క్రీన్‌షాటే అనుకుంటున్నాను. ప్రో వాళ్ళకు మాత్రమే ఇచ్చే బొమ్మ ఒకటి వాడితే దాని మీద గీతల వాటర్‌మార్క్ పడుతుంది. దాన్ని తప్పించుకోవాలని చాలామంది స్క్రీన్‌షాట్ తీసి కత్తిరిస్తుంటారు. ఆ కక్కుర్తి వద్దమ్మా. ఒకటి, అది లైసెన్సుకు విరుద్ధం. రెండు, ప్రింటుకు అది ఎందుకూ పనికిరాదు. ఆ బొమ్మ తీసేసి ఉచితంగా దొరికేది పెట్టుకోండి. ఇంకా నయం, మీ ఆవకాయ జాడీని మీరే వెలుతురులో ఫోటో తీసి పెట్టండి. కొనేవాళ్ళు దాన్నే నమ్ముతారు.

స్క్రీన్‌షాట్ ప్రింటుకు ఎందుకు పనికిరాదో ఒక్కసారి లెక్క వేసి చూపిస్తాను. తర్వాత మీరే ఏ ఫైలునైనా పరీక్ష చేసుకోవచ్చు. ఫోన్‌లో కనిపించే బొమ్మంతా చిన్న చిన్న చుక్కలు, వాటినే పిక్సెళ్ళంటారు. చేతిలో పట్టుకుని చదివే లేబుల్, విజిటింగ్ కార్డు లాంటివాటికి అంగుళానికి 300 చుక్కలు ఉంటే అక్షరం అంచు నున్నగా వస్తుంది. మీ లేబుల్ 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు అనుకుందాం. నాలుగు మూడు వందలు 1200, మూడు మూడు వందలు 900. అంటే బొమ్మలో కనీసం 1200 × 900 పిక్సెళ్ళు ఉండాలి. ఇప్పుడు మీ ఫైలు గ్యాలరీలో తెరిచి, వివరాలు అనే చోట నొక్కండి. అక్కడ పిక్సెళ్ళు ఎన్నో రాసి ఉంటుంది. 600 × 450 అని ఉంటే అంగుళానికి 150 చుక్కలే వస్తాయి. ‘ఆవకాయ’ అన్న పెద్ద అక్షరం ఎలాగోలా నెగ్గుకొస్తుంది గాని, కింద సన్నగా రాసిన దినుసులు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు అలికినట్టు అయిపోతాయి. లేబుల్ మీద చట్టం అడిగేవన్నీ ఆ సన్న అక్షరాల్లోనే ఉంటాయి మరి.

ఉన్న బొమ్మను షాపులో పెద్దది చేయొచ్చు కదా అంటారేమో. సాగదీయొచ్చు, లేని చుక్కలు మాత్రం పుట్టవు. పులుసులో నీళ్ళు పోస్తే గిన్నె నిండుతుంది, అంతే.

ఫ్లెక్సీ లెక్క వేరు. దాన్ని పది అడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 300 అక్కర్లేదు, అసలు సైజులో 72 ఉంటే మా పని నడిచిపోతుంది. మీ ఫ్లెక్సీ 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. అంటే 72 అంగుళాలు, 36 అంగుళాలు. గుణిస్తే 5184 × 2592 పిక్సెళ్ళు. కాన్వాలో కొత్త డిజైన్ మొదలుపెట్టేటప్పుడే కస్టమ్ సైజ్‌లో ఈ అంకెలు వేసి మొదలుపెట్టండి. మీరేమో ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కోసం ఉన్న 1080 × 1080 టెంప్లేట్ తీసుకుని దానిలోనే ఫ్లెక్సీ చేశానన్నారు. 1080ని 72 అంగుళాలకు పంచితే అంగుళానికి 15 చుక్కలు. అంత దూరం నుంచి కూడా మెట్లు మెట్లుగా కనబడుతుంది. పైగా చదరపు బొమ్మను పొడవుకు లాగితే అందులో ఉన్న జాడీ పీపా అయిపోతుంది.

ఫ్లెక్సీకి ఇంకో రెండు మాటలు. అంచుల్లో మడత పెట్టి రింగులు కొడతాం కాబట్టి నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఖాళీ వదలండి. ఫోన్ నంబరు చివరి అంకె మీద రింగు పడిన బ్యానర్లు ఊరంతా చూస్తూనే ఉన్నాం. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించింది మన విశాఖలోనే. అప్పట్నుంచీ గుడ్డ బ్యానర్లు అడిగేవాళ్ళు మా దగ్గర పెరిగారు. మీరూ గుడ్డ మీద వేయించుకుంటే అక్షరాలు ఇంకాస్త లావుగా పెట్టండి. గుడ్డ సిరాను పీల్చుకుంటుంది, సన్న గీతలు అందులో కలిసిపోతాయి.

ఇప్పుడు ఏ ప్యాకింగ్ ఎవరికో చెప్తాను. వాట్సాప్ స్టేటస్‌కు, ఇన్‌స్టాకు పెట్టుకునే బొమ్మకు పీఎన్‌జీ చాలు. అక్షరాలు ఎక్కువగా ఉన్న బొమ్మకు జేపీజీ కంటే పీఎన్‌జీ మేలు. జేపీజీ ఫైలు సైజు తగ్గించడానికి కొంత సమాచారాన్ని పారేస్తుంది. ఫోటోలో ఆ తేడా కంటికి తెలీదు. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు పెడితే మాత్రం అంచుల చుట్టూ మురికి పట్టినట్టు కనిపిస్తుంది. ఒకే జేపీజీని మళ్ళీ మళ్ళీ తెరిచి మార్చి సేవ్ చేస్తే ప్రతిసారీ కొంచెం కొంచెం అరుగుతుంది. పీఎన్‌జీకి ఆ బాధ లేదు, ఫైలు కాస్త బరువు, అంతే. వెనక తెల్ల రంగు లేకుండా లోగో ఒక్కటే కావాలంటే ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ అనేది కావాలి, అది ప్రోలోనే ఇస్తారు. లోగోను ఎంత పెద్దదైనా చేసుకోగలిగే ఎస్‌వీజీ కూడా అంతే.

కాగితం మీద, స్టిక్కర్ మీద వేయించేది ఏదైనా సరే పీడీఎఫ్ ప్రింట్. స్టాండర్డ్ అన్నది మెయిల్‌లో పంపుకోవడానికి, తెర మీద చదువుకోవడానికి. దానిలో ఫోటోల నాణ్యత అంగుళానికి 96 చుక్కల లెక్కన ఉంటుంది, ప్రింట్ అన్నదానిలో 300. రెండూ ఉచిత ఖాతాలో ఉన్నాయి. మరి ఆ తర్వాత పీడీఎఫ్ తీసినప్పుడు మీరు స్టాండర్డ్ ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలుసు, పేరు వినడానికి అదే పద్ధతైనదిలా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. లేబుల్ డిజైన్ మొదలుపెట్టేటప్పుడే కొలత అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో ఇవ్వండి. పిక్సెళ్ళలో ఇచ్చి పీడీఎఫ్ తీస్తే ఆ పేజీ సైజు మీరు అనుకున్నట్టు రాదు, షాపులో ఆ కుర్రాడు ఉజ్జాయింపుగా కుదించేస్తాడు. అలా కుదించిన లేబుల్ సీసా చుట్టూ తిరిగి అతుకు దగ్గర సరిగ్గా కలవదు.

ఇక మీ అసలు బాధ, ఒత్తులు. దీని గురించి ఇంగ్లీషులో ఎంత వెతికినా మీకు జవాబు దొరకదు, ఎందుకంటే వాళ్ళకు ఒత్తులే లేవు.

కాన్వాలో మీరు కొట్టే తెలుగు యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా చెల్లే ఇప్పటి పద్ధతిది. ‘ప్పు’ అని మనకు ఒక్క అక్షరంలా కనిపించినా, లోపల అది ప, పొల్లు, మళ్ళీ ప, ఉకారం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. రెండో ‘ప’ను కిందికి ఒత్తుగా దించి, కొమ్మును సరైన చోట పెట్టేది ఫాంటూ, సాఫ్ట్‌వేరూ కలిసి. కాన్వాకు ఆ విద్య వచ్చు. మీరు పీడీఎఫ్ తీసినప్పుడు ఆ కూర్చిన రూపమే ఫైలులోకి వెళ్తుంది, అందుకే మీ ఫోన్‌లో తెరిస్తే బాగానే ఉంటుంది. షాపులో అదే పీడీఎఫ్‌ను ఊరికే తెరిచి ప్రింట్ ఇస్తే కూడా బాగానే వస్తుంది. చిక్కు ఎక్కడంటే, మా వాళ్ళు దాన్ని కోరల్‌డ్రాలోనో ఇల్లస్ట్రేటర్‌లోనో తెరుస్తారు. ఒక షీటులో పాతిక లేబుళ్ళు పేర్చాలి కదా, అందుకు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మను మళ్ళీ అక్షరాలుగా మార్చుకోవాలని చూస్తుంది. మీరు వాడిన ఫాంటు ఆ కంప్యూటర్‌లో ఉండదు. ఇంకేదో ఫాంటు తెచ్చి అతికిస్తుంది. అక్కడితో ఒత్తు ఒక దారి, గుడి ఒక దారి.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది మీ చేతిలోనిది. పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకున్నాక కింద ‘ఫ్లాటెన్ పీడీఎఫ్’ అని చిన్న గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టి డౌన్‌లోడ్ చేయండి. అప్పుడు అక్షరాలు, ఫోటోలు అన్నీ కలిసి ఒకే బొమ్మగా మారిపోతాయి. ఇక ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా ఒత్తును కదపడం ఎవరివల్లా కాదు. దానికీ ఒక నష్టం ఉంది. అక్షరం కూడా చుక్కల్లోకి మారింది కాబట్టి దాన్ని ఆ సైజులోనే వేయించాలి, పెద్దది చేయించకూడదు. రెండోది షాపువాళ్ళ చేతిలోనిది. కోరల్‌డ్రాలో పీడీఎఫ్ తెచ్చుకునేటప్పుడు అక్షరాలను టెక్స్ట్‌గా తేవాలా, కర్వ్స్‌గా తేవాలా అని అడుగుతుంది. కర్వ్స్ ఎంచుకుంటే అక్షరం గీతగా మారి ఎంత పెద్దది చేసినా పదునుగా ఉంటుంది, ఒత్తులూ చెదరవు. ఇది చాలామందికి తెలుసు, హడావిడిలో నొక్కడం మర్చిపోతారు. మీరు కౌంటర్ దగ్గర నిలబడి ‘కర్వ్స్‌గా తెచ్చుకోండి బాబూ’ అని ఒక్క మాట అంటే చాలు, మీకు పని తెలుసని వాళ్ళూ జాగ్రత్తగా చేస్తారు. నా సలహా అయితే, ఫ్లాటెన్ చేసినది ఒకటి, చేయనిది ఒకటి, రెండు ఫైళ్ళూ ఇవ్వండి. పక్కన అదే లేబుల్ పీఎన్‌జీ కూడా పంపి ‘ఇలా ఉండాలి’ అని చెప్పండి.

కొన్ని షాపుల్లో ‘ఇదంతా ఎందుకండీ, మేం కొత్తగా కొట్టేస్తాం’ అంటారు. నేనూ అనేవాణ్ణి. మా దగ్గర ఉన్నవి ఎక్కువగా అను ఫాంట్లు. అవి యూనికోడ్ కంటే ముందు పద్ధతివి, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి. అందుకే మేం కొట్టిన మేటర్ మీరు కాపీ చేసి కాన్వాలో పెడితే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. మీ మేటర్ మా పేజ్‌మేకర్‌లో పెడితే అదీ అంతే. కాబట్టి కొత్తగా కొట్టడం తప్ప దారి లేదు, కొట్టినప్పుడల్లా ఒక తప్పు దొర్లుతుంది. ఒక ఏడాది సింహాచలం చందనోత్సవానికి చలివేంద్రం బ్యానర్ ఇలాగే రాత్రికి రాత్రి కొత్తగా కొట్టి ఇచ్చాను. పొద్దున్న కొండ కింద కట్టాక చూస్తే ‘సింహాద్రి అప్పన్న’లో నకారం ఒత్తు లేదు. తెచ్చినాయన ఏమీ అనలేదు గాని, ఆ రోజంతా ఎవరో ఒకరు ఫోటో తీసి నాకే పంపుతూ వచ్చారు. అందుకే చెప్తున్నాను. మీరు ఇంట్లో నలుగురూ చూసి సరిచేసుకున్న అక్షరాన్ని ఇంకొకరి చేత మళ్ళీ కొట్టించకండి.

కాన్వాలో తెలుగు ఫాంట్లు రామభద్ర, మండలి, మల్లన్న లాంటివి దొరుకుతాయి. తలకట్టుకు లావుగా ఉండే రామభద్ర బాగుంటుంది. దినుసులకు మాత్రం దాన్ని వాడకండి, చిన్న సైజులో ఒత్తులు పూడుకుపోతాయి. అక్కడ మండలి వాడండి. వరుసల మధ్య దూరం కూడా ఇంగ్లీషుకు పెట్టినంత పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుళ్ళకు తగులుతాయి. కొంచెం పెంచండి.

ఇక రంగులు. ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో. ఆ చిలకపచ్చ, ఆ మెరిసే నారింజ సిరాలో అంతలా రావు, కాస్త దిగిపోతాయి. ప్రో ఉంటే పీడీఎఫ్ తీసేటప్పుడు సీఎంవైకే అని సిరా రంగుల లెక్కలో తీసుకోవచ్చు. లేకపోతే కంగారు లేదు, డిజిటల్ ప్రింట్ యంత్రాలు ఆర్‌జీబీ ఫైలును, అంటే తెర రంగుల లెక్కలో ఉన్నదాన్ని, వాటంతటవే మార్చుకుంటాయి. మీ గోంగూర లేబుల్‌లో వెనక ముదురాకుపచ్చ, మీద ఎర్ర అక్షరాలు అన్నారు. ఫైలు ఎలా తీసినా అవి రెండూ కాగితం మీద కలిసిపోతాయి. అక్షరాలు తెలుపో లేత పసుపో చేయండి.

కటింగ్ గురించి కూడా తెలుసుకోవాలి. లేబుల్ అంచు దాకా రంగు ఉంటే, కత్తెర అర మిల్లీమీటరు పక్కకు పోయినా తెల్ల గీత కనిపిస్తుంది. అందుకని రంగును నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి సాగనివ్వాలి, దాన్ని బ్లీడ్ అంటారు. కాన్వాలో ప్రింట్ బ్లీడ్ చూపించమంటే అంచు చుట్టూ గీత కనిపిస్తుంది, వెనక రంగును ఆ గీత దాటించండి. డౌన్‌లోడ్‌లో ‘క్రాప్ మార్క్స్ అండ్ బ్లీడ్’ టిక్కు పెట్టండి. అలాగే అక్షరాలేవీ అంచుకు 3 మిల్లీమీటర్ల లోపు రానీయకండి. ఈ పనులు ఫోన్‌లో చేయడం ఇబ్బంది. ఒక గంట ఎవరిదైనా ల్యాప్‌టాప్ తీసుకుని అదే ఖాతాతో తెరిచి పూర్తి చేసుకోండి.

యూపీఐ క్యూఆర్ కోడ్ లేబుల్ మీద పెట్టారని రాశారు. దాన్ని వాట్సాప్‌లో వచ్చిన ఫోటో నుంచి కత్తిరించి పెట్టకండి, మీ యాప్‌లోంచే నేరుగా డౌన్‌లోడ్ చేసి పెట్టండి. చుట్టూ తెల్ల అంచు ఉంచండి, పక్కలకు లాగకండి, 2 సెంటీమీటర్ల కంటే చిన్నది చేయకండి. అన్నిటికంటే ముఖ్యం, ఫోన్‌లో కాకుండా ప్రింటు మీద స్కాన్ చేసి, పేరు మీదే వస్తోందో లేదో ఒక రూపాయి పంపి చూడండి.

ఫైలు తయారైంది, షాపుకు ఎలా పంపాలి? వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, హెచ్‌డీ అన్నా కొంత కుదింపు ఉంటుంది. ఇప్పటిదాకా పడ్డ శ్రమంతా అక్కడ పోతుంది. అటాచ్‌మెంట్ గుర్తు నొక్కి, డాక్యుమెంట్ ఎంచుకుని పంపండి. పీఎన్‌జీని కూడా అలాగే. ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, ఫైలు పేరు కూడా మారదు. కొందరు డిజైన్ లింకే షాపుకు పంపేస్తారు. పంపితే చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న లింకు పంపండి. మార్చే అనుమతి ఇచ్చారంటే, అవతల ఎవరి వేలు తగిలి మీ ఫోన్ నంబరులో అంకె జరిగినా అదీ దానంతటదే సేవ్ అయిపోతుంది.

ఫైలు పేర్ల దగ్గర చాలామంది చేసేది ఒకటే. ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్, ఇదే ఫైనల్. మూడు నెలల తర్వాత ఏది అసలుదో దేవుడికే తెలియాలి. పచ్చడి పేరు, సైజు, ధర, నెల, ఈ నాలుగూ పేరులో ఉంటే మళ్ళీ తెరిచి చూడక్కర్లేదు. ‘ఆవకాయ, 4-3 అంగుళాలు, 180, మే’ అన్నట్టు.

ఖాతా గురించి కూడా చెప్పాలి. మా మేనల్లుడు కాలేజీ వాళ్ళిచ్చిన మెయిల్‌తో కాన్వా తెరిచి వాళ్ళమ్మ టైలరింగ్ షాపు డిజైన్లన్నీ అందులో చేశాడు. చదువు అయిపోయింది, మెయిల్ ఆపేశారు, దాంతో లోపలికి వెళ్ళే దారి లేక రెండేళ్ళ పని పోయింది. మీ వ్యాపారం డిజైన్లు మీ సొంత మెయిల్ మీదే ఉండాలి, పిల్లల ఖాతాలో కాదు. ప్రతి డిజైన్‌కూ ఒక పీడీఎఫ్ ప్రింట్, ఒక పీఎన్‌జీ, అందులో వాడిన అసలు ఫోటోలు, మేటర్ అక్షరాలు ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఇంకో చోట కూడా దాచుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా షాపు షట్టర్ వంగిపోయి, లోపల రెండు కంప్యూటర్లు నీళ్ళలో నానాయి. పదేళ్ళ మేటర్ పోయింది. మిగిలిందల్లా కస్టమర్లకు మెయిల్‌లో పంపిన ఫైళ్ళే. ఆ తర్వాత చాలా రోజులు కరెంటూ నెట్టూ లేవు, ఆ మెయిల్ తెరవడానికి కూడా ఆగాల్సి వచ్చింది. అందుకే ఒక కాపీ నెట్ మీదా, ఒక కాపీ ఇంట్లో పెన్‌డ్రైవ్‌లోనూ అంటాను.

లోగో గురించి ఒక మాట. మీ జాడీ బొమ్మ లోగో కాన్వాలో దొరికిన బొమ్మే కదా. దాన్ని లేబుల్ మీద వాడుకోవడానికి ఇబ్బంది లేదు. కాని రేపు వ్యాపారం పెరిగి ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించుకోవాలంటే అది కుదరదు, ఎందుకంటే అదే బొమ్మ ఎవరైనా వాడుకోవచ్చు. తీరిక దొరికినప్పుడు ఎవరిచేతైనా సొంతంగా గీయించుకోండి.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది ఇది. 500 లేబుళ్ళు ఒకేసారి ఆర్డర్ ఇవ్వకండి. ఫ్లాటెన్ చేసిన పీడీఎఫ్‌ను ఫోన్‌లో బాగా పెద్దది చేసి, దినుసుల వరుసలో ఒత్తులన్నీ ఉన్నాయో లేదో చూడండి. దగ్గర్లో కలర్ జిరాక్స్ షాపుకు వెళ్ళి ఒక్క కాగితం ప్రింట్ తీయించండి. తీసేటప్పుడు ‘ఫిట్’ కాకుండా ‘యాక్చువల్ సైజ్’ పెట్టమనండి, లేకపోతే సైజు మారిపోతుంది. స్కేలు పెట్టి కొలవండి, కత్తిరించి సీసాకు చుట్టి చూడండి, అద్దాలు తీసేసి ధర చదవమని ఇంట్లో పెద్దవాళ్ళకు ఇవ్వండి. అన్నీ బాగుంటే అప్పుడు ఆర్డర్.

ఇవే లేబుళ్ళు పొడుల కవర్ల మీద కూడా అతికిస్తారా అన్నది మీరు రాయలేదు. సీసాకైతే నూనె చేతులు తగులుతాయి కాబట్టి మామూలు కాగితం స్టిక్కర్ వద్దు, లామినేషన్ ఉన్నది కావాలి. సీసా చుట్టుకొలత దారంతో కొలిచి ఇక్కడ రాయండి. దాన్ని బట్టి కాన్వాలో వేయాల్సిన సైజు అంకెలు నేనే చెప్తాను.